ఫజ్ పెడల్లో విజయవాడ వినిపిస్తోంది: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: రెండు బీసీ108 ట్రాన్సిస్టర్లతో ఫజ్ ఫేస్ (గిటార్ స్వరాన్ని గరగరలాడించే పెడల్) సర్క్యూట్ కట్టానండి. ఆదివారం చర్చిలో పాటకీ పాటకీ మధ్య గిటార్ ఆగితే చాలు, స్పీకర్లోంచి సన్నగా రేడియో వార్తలు వినిపిస్తున్నాయి. పెడల్ ఆపేస్తే ఏమీ లేదు. డబ్బా అల్యూమినియందే. ఇంకేం చెయ్యాలి? – ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: డబ్బా తప్పేమీ లేదు. మీ పెడల్లో మొదటి ట్రాన్సిస్టర్ ఫజ్ పనితో పాటు రేడియో డిటెక్టర్ పని కూడా చేస్తోంది. బేస్‌కీ ఎమిటర్‌కీ మధ్య ఉండే జంక్షన్ ఒక డయోడే కదా. గిటార్ కేబుల్, తీగల కింద ఉండే పికప్ చుట్ట కలిసి ఏరియల్ అవుతాయి. విజయవాడ ఆకాశవాణి మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్ ఆ దారినే లోపలికొస్తుంది. జంక్షన్ దాన్ని ఒక పక్క కోసేస్తే మిగిలేది వార్తలు చదివే గొంతు. ఆపైన ఫజ్ దాన్ని వందల రెట్లు పెంచి ఆంప్లిఫయర్‌కి పంపుతుంది. 1966లో ఈ పెడల్ మొదట జెర్మేనియం ట్రాన్సిస్టర్లతోనే వచ్చింది. ఏసీ128 లాంటివి ఒకటి రెండు మెగాహెర్ట్జ్‌కే నీరసిస్తాయి కాబట్టి ఈ బెడద వాటికి తక్కువ. సిలికాన్ బీసీ108 మాత్రం వంద మెగాహెర్ట్జ్ దాటినా చురుగ్గానే ఉంటుంది.

ముందు దారి కనిపెట్టండి. పాత జాక్ పిన్ను ఒకటి తీసుకుని దాని కొననీ ఒంటినీ చిన్న తీగతో కలిపి సోల్డర్ చేసి, పెడల్ ఇన్‌పుట్‌లో గుచ్చండి. వార్తలు ఆగిపోతే అవి కేబుల్ వెంట వస్తున్నట్టు. ఆగకపోతే అడాప్టర్ పీకి బ్యాటరీ మీద వినండి. అప్పుడు ఆగితే దారి అడాప్టర్ తీగ. మీరు రాసిన లక్షణాలకు మొదటిదే అయ్యుండాలి.

మందు ట్రాన్సిస్టర్ కాళ్ళ దగ్గరే వెయ్యాలి. ఇన్‌పుట్ కెపాసిటర్ తర్వాత, బేస్‌కి సరిగ్గా ముందు, 1 కిలోఓమ్ రెసిస్టర్ సిరీస్‌లో పెట్టండి. 100 కిలోఓమ్ ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ బేస్ వైపే ఉండాలి, కొత్త రెసిస్టర్‌కి అవతల కాదు. తర్వాత బేస్ నుంచి ఎమిటర్‌కి 1 నానోఫారడ్ డిస్క్ కెపాసిటర్ పెట్టండి. దాని మీద 102 అని ఉంటుంది. కాళ్ళు అయిదారు మిల్లీమీటర్లకు మించి వదలొద్దు, పొడుగు కాలు మళ్ళీ ఏరియలే. ఈ జత 159 కిలోహెర్ట్జ్ దగ్గర కోత మొదలుపెడుతుంది. 837 దగ్గరికొచ్చేసరికి రేడియో సుమారు అయిదో వంతుకు పడుతుంది. చిన్న సిగ్నల్ విషయంలో డిటెక్షన్ సిగ్నల్ వర్గం (స్క్వేర్) లెక్కన నడుస్తుంది కాబట్టి, వినిపించే మాట పాతికో వంతుకో ఇంకా కిందికో దిగిపోతుంది.

స్వరం చచ్చిపోతుందేమోనని భయపడక్కర్లేదు. గిటార్ కేబుల్‌కే మీటరుకు సుమారు 100 పికోఫారడ్లు ఉంటాయి. మీరు కలిపింది పది మీటర్ల కేబుల్‌తో సమానం. ఈ సర్క్యూట్ ఇన్‌పుట్ ఎలాగూ పికప్‌ని గట్టిగా లాగి పడుతుంది కాబట్టి తేడా పెద్దగా తెలియదు. కానీ రెసిస్టర్‌ని 10 కిలోఓమ్‌కి పెంచకండి. ఇన్‌పుట్ నిరోధమే కొద్ది కిలోఓమ్‌లు. దాని ముందు పది నిలబెడితే ఫజ్ పలచబడుతుంది, గిటార్ వాల్యూమ్ తగ్గించినప్పుడు వచ్చే శుభ్రమైన స్వరమూ పోతుంది.

ఇంకా గొణుగుడు మిగిలితే, అదే ట్రాన్సిస్టర్ బేస్‌కీ కలెక్టర్‌కీ మధ్య 47 పికోఫారడ్ వెయ్యండి. ట్రాన్సిస్టర్ గెయిన్ (సిగ్నల్‌ని పెంచే రెట్లు) వల్ల అది ఎన్నో రెట్లు పెద్ద కెపాసిటర్‌లా పనిచేస్తుంది, హిస్ కూడా తగ్గిస్తుంది. చాలకపోతే 100, ఆపైన 220. అంతకు మించితే స్వరం మొద్దుబారుతుంది. బీసీ108 లోహపు టోపీ కలెక్టర్‌కి కలిసి ఉంటుంది, డబ్బాకి తగలనివ్వకండి. దాని బదులు బీసీ547ఏ వేసినా మంచిదే. బీసీ547లో ‘ఏ’ (A) రకం గెయిన్ 110 నుంచి 220, ‘సీ’ (C) రకానిది 420 నుంచి 800. అక్కర్లేని గెయిన్ తెచ్చేది చప్పుడే. కాళ్ళ వరస మాత్రం మారుతుంది. బీసీ547 చదునైన ముఖం మీవైపు ఉంటే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్.

ప్రశ్న: బ్యాటరీ మీద పెడల్ నిశ్శబ్దం. అడాప్టర్ పెడితే జుంయ్ అంటోంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికొస్తే మరీ ఘోరం. మా చుట్టూ రొయ్యల చెరువులు, ఏరేటర్లు. వాటివల్లేనా? – నరసాపురం

జవాబు: ఏరేటర్ మోటార్ల మీద నింద వెయ్యకముందు అడాప్టర్‌ని చూడండి. రౌటర్‌తోనో సీసీ కెమెరాతోనో వచ్చే అడాప్టర్లు స్విచింగ్ రకం. వాటి కూత ఆడియోలోకి దిగడం మామూలే. సాదా ఇన్వర్టర్ ఇచ్చేది చతురస్ర తరంగం. అందులో 50 హెర్ట్జ్‌తో పాటు 150, 250, 350 కూడా ఉంటాయి. ఫజ్‌కి అవంటే మహా ఇష్టం.

పెడల్ లోపల, అడాప్టర్ ప్లస్‌కీ సర్క్యూట్‌కీ మధ్య 100 ఓమ్ రెసిస్టర్ పెట్టండి. సర్క్యూట్ వైపు నుంచి గ్రౌండ్‌కి 470 మైక్రోఫారడ్ 16 వోల్ట్ ఎలక్ట్రోలైటిక్, దాని పక్కనే 104 అని ఉండే 0.1 మైక్రోఫారడ్ డిస్క్. పెద్ద కెపాసిటర్ పై ఫ్రీక్వెన్సీల్లో చేతులెత్తేస్తుంది, అందుకే చిన్నది. అడాప్టర్ కరెంటులో మిగిలే 100 హెర్ట్జ్ అల (రిపుల్) దాదాపు ముప్ఫయ్యో వంతుకు తగ్గుతుంది. ఫజ్ తాగే కరెంటు ఒక మిల్లీయాంప్ లెక్క కాబట్టి వోల్టేజ్ నష్టం 0.1 వోల్టే. ఎల్‌ఈడీ తీగని మాత్రం రెసిస్టర్‌కి ముందునుంచే తీసుకోండి.

పెడల్‌లో పీఎన్‌పీ రకం జెర్మేనియం ట్రాన్సిస్టర్లు వేసి ప్లస్‌ని గ్రౌండ్ చేసి ఉంటే, అదే అడాప్టర్‌ని మిగతా పెడళ్ళతో పంచుకోకూడదు. జాక్ ఒంటి మీదుగా ప్లస్సూ మైనస్సూ కలిసి షార్ట్ అవుతుంది. దానికి విడిగా బ్యాటరీ పెట్టండి.

ఒక మాట అడక్కపోయినా చెప్పాలి. ఆంప్లిఫయర్ ఎర్త్ పిన్ను విరగ్గొడితే హమ్ పోతుందని సలహాలు తిరుగుతుంటాయి. లోపల లీకేజీ వచ్చిన రోజున గిటార్ తీగలే కరెంటు తీగలవుతాయి, ఆ పని చెయ్యొద్దు. మన నేలలో తడి అడుగు లోతునే దొరుకుతుంది, ఎర్త్ బాగుండాలి. పైపు క్లాంపు తుప్పు పట్టిందేమో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి.

ప్రశ్న: ప్లాస్టిక్ స్విచ్ బాక్సులో కట్టాను. రేడియో లోపలికి రాకుండా వంటింటి ఫాయిల్ అతికిస్తే సరిపోతుందా? – అమలాపురం

జవాబు: సరిపోదు. అల్యూమినియం ఫాయిల్‌కి మామూలు సోల్డర్ అంటదు, గ్రౌండ్ తీగ కలపలేరు. అంచుకి అంచు తగలక ముక్కలుగా మిగిలిపోతుంది. రాగి ఫాయిల్ టేపు అతికించి, ప్రతి అతుకు మీదా రెండు చుక్కలు సోల్డర్ వెయ్యండి, మూత లోపల కూడా. మూతకీ డబ్బాకీ మధ్య రాగి రాగికి తగలాలి. లోహపు డబ్బా కొన్నా ఇంతే, అంచుల మీది పెయింటు గీకేయాలి.

కోనసీమ ఉప్పుగాలికి పీ-38 సాకెట్ల (గిటార్ జాక్ గుచ్చేవి) నట్లు త్వరగా చిలుము పడతాయి. చిలుము పట్టిన అతుకు తానే డయోడ్‌లా ప్రవర్తించి రేడియోని పట్టగలదు. పళ్ళ వాషర్ వేసి బిగించండి.

ప్రశ్న: ఫజ్ నాబు పూర్తిగా తిప్పితే కీచుమంటోంది. గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే మారుతోంది. – తణుకు

జవాబు: అది రేడియో కాదు, పెడల్ తన అవుట్‌పుట్‌ని తానే వింటోంది. ఫుట్‌స్విచ్ దగ్గర ఇన్‌పుట్, అవుట్‌పుట్ తీగలు ఒకే కట్టగా చుట్టి ఉంటారు. విడదీయండి. ఇన్‌పుట్‌కి షీల్డ్ ఉన్న మైకు వైరు వేసి, షీల్డ్‌ని జాక్ వైపు మాత్రమే గ్రౌండ్ చెయ్యండి, రెండో కొస కత్తిరించి టేపు చుట్టండి. బోర్డు గ్రౌండ్‌కి తీగ విడిగా వెళ్ళాలి. తీగలు సర్దాక కూడా కీచు ఆగకపోతే బ్యాటరీ మార్చి చూడండి, అరిగిన బ్యాటరీ లోపలి నిరోధం పెరిగి ఇదే పని చేస్తుంది.