అగ్నివీర్‌గా వెళ్తే ఇన్‌స్టా మూసేయాలా? యుద్ధం వస్తే ఇంటికి ఫోన్ ఉంటుందా?

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. అగ్నివీర్ రాతపరీక్ష, రన్నింగ్, మెడికల్ అయ్యాయి. కసరత్తు వీడియోలకు ఇన్‌స్టాలో 40 వేల మంది ఫాలోవర్లున్నారు, ప్రమోషన్ల డబ్బూ వస్తోంది. అది పోతుందని వెనకాడుతున్నాడు. నా భయం వేరు. ఆపరేషన్ సిందూర్ అప్పుడు మా వీధిలో ఒకావిడకు కొడుకు నుంచి వారం రోజులు ఫోనే లేదు. అలాంటప్పుడు మేం ఏం చేయాలి?
– ఒక తల్లి, విజయనగరం జిల్లా

జవాబు: ఇన్‌స్టా సంగతి ముందు తేల్చేద్దాం అమ్మా. మూసేయాల్సిందే అనుకుని చేరమనండి. 2020 జులైలో సైన్యం 89 యాప్‌ల జాబితా ఇచ్చి, 15వ తేదీలోగా ఫోన్లలోంచి తీసేయమంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ట్రూకాలర్, పబ్‌జీ అందులో ఉన్నాయి. ఒక లెఫ్టినెంట్ కల్నల్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్తే ఆగస్టులో పిటిషన్ కొట్టేశారు. సైనికుల ప్రాథమిక హక్కులను కుదించే అధికారాన్ని రాజ్యాంగం 33వ అధికరణమే పార్లమెంటుకు ఇచ్చింది మరి. యాప్‌ల నిబంధనలు ఒకప్పుడు బిగుస్తాయి, ఒకప్పుడు సడలుతాయి. సర్వీసులో ఉంటూ ప్రమోషన్ డబ్బు తీసుకోవడం మాత్రం కుదరదు. తమ్ముడికి అప్పగించి నడిపించే ఉపాయం వద్దు. ముఖం వాడిదైతే సంజాయిషీ చెప్పుకోవాల్సిందీ వాడే. నాలుగేళ్ల తర్వాత గరిష్ఠంగా 25 శాతం మందినే కొనసాగిస్తారు కాబట్టి పాత వీడియోలన్నీ డౌన్‌లోడ్ చేసి హార్డ్‌డిస్కులో పెట్టుకోమనండి. ఆ ఆదాయం వదులుకోలేనంటే రిపోర్ట్ చేసేలోపే తేల్చుకోవాలి, చేరాక బేరాలుండవు.

మీ భయం ఇంతకంటే పెద్దది. యుద్ధ సమయంలో ఫోన్లు ఆపడం వెనుక కారణం తెలిస్తే ఆ వారం రోజుల మౌనం కొంచెం తేలికవుతుంది. పోస్టు పెడితేనే ప్రమాదం అనుకుంటారు చాలామంది. ఊరికే ఆన్‌లో ఉన్నా ఫోన్ టవర్‌తో మాట్లాడుతూనే ఉంటుంది. ఒకేచోట వందల ఫోన్లు వెలిగితే అక్కడ బలగం ఉందని శత్రువుకు తెలిసిపోతుంది. 2023 జనవరి 1న తూర్పు ఉక్రెయిన్‌లోని మకీవ్కాలో రష్యా సైనికులున్న భవనంపై ఉక్రెయిన్ రాకెట్లు పడ్డాయి. 89 మంది చనిపోయారని రష్యా ఒప్పుకుని, సైనికులు ఫోన్లు వాడటమే ప్రధాన కారణమంది (అంతమందిని ఒకే భవనంలో ఉంచిన పైవాళ్ల తప్పు కప్పిపుచ్చడానికే అలా అన్నారని విమర్శలూ వచ్చాయి). స్ట్రావా అనే పరుగు యాప్ 2017 నవంబరులో విడుదల చేసిన మ్యాపులో ఎడారుల్లోని సైనిక స్థావరాల ఆకారాలు కనబడుతున్నాయని 2018 జనవరిలో బయటపడింది. జవాన్లు రోజూ పరిగెత్తిన దారులే అవి. మీ అబ్బాయిది కసరత్తు పిచ్చి కాబట్టి చెబుతున్నా: స్మార్ట్‌వాచ్ ఇంట్లోనే వదిలి వెళ్లాలి.

మన దగ్గరి సంగతి విశాఖపట్నం. 2019 డిసెంబరులో గూఢచర్యం కేసులో ఏడుగురు నౌకాదళ సిబ్బందిని ఆంధ్రప్రదేశ్ ఇంటెలిజెన్స్ పోలీసులు అరెస్టు చేశారు. ఫేస్‌బుక్‌లో ఆడపిల్లల పేర్లతో వచ్చిన స్నేహాలే వల అని ఆరోపణ. ఆ నెలలోనే నౌకాదళం ఓడల్లో, స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లు నిషేధించింది.

ఇప్పుడు మీ వైపు పని. జవాను ఫోన్‌కు కట్టుదిట్టాలు ఉంటాయి, అమ్మ ఫోన్‌కు ఉండవు. అందుకే కూపీ లాగేవాళ్లు ఇంటికి చేస్తారు. 'హెడ్‌క్వార్టర్స్ నుంచి మాట్లాడుతున్నాం, మీ అబ్బాయి యూనిట్ ఎక్కడికి కదిలింది?' అని హిందీలోనో తెలుగులోనో మర్యాదగా అడుగుతారు. నిజమైన ఆఫీసుకు ఆ సమాధానం మీ దగ్గర అడగాల్సిన అవసరం లేదు. ఫోన్ పెట్టేయండి, నంబరు రాసుకుని వాడికి చెప్పండి.

వాడు పంపిన ఫొటో స్టేటస్‌లో పెట్టకండి, బంధువుల గ్రూపులోనూ వద్దు. వెనకాల కొండ, భుజం మీది గుర్తు చాలు. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే లొకేషన్ వివరాలు రాలిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే లోపలే ఉండిపోతాయి. గుర్తింపు కార్డు ఫొటో ఎవరికీ పంపొద్దు. జవాన్ల కార్డులు చూపించి ఓఎల్‌ఎక్స్‌లో బండ్లు అమ్ముతామని మోసాలు చేసేవాళ్లున్నారు. ఊరి పేరు, రైలు నంబరు, సెలవు రద్దయిందన్న మాట, ఏదీ బయట అనకండి. 'మావాణ్ణి వెనక్కి పిలిపించారు' అని పది ఇళ్లవాళ్లు స్టేటస్ పెడితే యుద్ధ సన్నాహం ఎక్కడిదాకా వచ్చిందో అవతలివాడికి అర్థమవుతుంది.

ఫోన్ ఆగినా ఉత్తరం రాయొచ్చు. ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కింద 56 ఏపీఓ లేదా 99 ఏపీఓ (ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు). ఊరి పేరు ఉండదు, అయినా చేరుతుంది. యూనిట్, రికార్డ్ ఆఫీసు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం నంబర్లు కాగితం మీద రాసి గోడకు అంటించండి. ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే కబురు పంపాల్సింది వాటి ద్వారానే. వారం కాదు, ఇంకొన్ని రోజులు ఫోన్ రాకపోయినా చెడు కబురని అనుకోకండి. అలాంటిదేమైనా ఉంటే సైన్యమే అధికారికంగా చెబుతుంది, వాట్సాప్ ఫార్వర్డ్ చెప్పదు.

చాలా ఇళ్లలో మరిచిపోయేది ఓటీపీ. వాడి ఫోన్ లాకర్‌లో ఉన్న రోజే బ్యాంకు ఓటీపీ అడుగుతుంది, ఈఎంఐ ఆగిపోతుంది. వెళ్లేముందే మీ పేరు కూడా కలిపి జాయింట్ ఖాతా తెరవండి, ఈఎంఐ, ఎల్‌ఐసీ ప్రీమియం దానిలోంచి ఆటో డెబిట్‌లో పెట్టండి. బ్యాంకుకు ఇచ్చిన సిమ్ రీచార్జ్ మాత్రం ఆపకండి. 90 రోజులు వాడకం లేకపోతే నంబరు రద్దయ్యే అవకాశం ఉంది, ఆ తర్వాత అది ఇంకొకరి చేతికి పోతుంది.