లెక్కల మాస్టారికి అక్క చెప్పే విమానం లెక్క

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు.

హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు 14,400 కిలోమీటర్లు, విమానం వేగం గంటకు 900, భాగిస్తే 16 గంటలు అని నిన్న ఫోనులో చిటికెలో తేల్చేశావు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాడివి, భాగహారంలో తప్పేముంటుంది! కానీ అది గ్లోబు మీద దారం లాగి కొలిచే దూరం. మనవడి గ్లోబు తీసి కొలిచి చూడు, ఆ దారం ఉత్తర ధ్రువానికి దగ్గరగా పోతుంది. మీరు ఎక్కబోయేది దుబాయి మీదుగా పోయే విమానం. ఇక్కడి నుంచి దుబాయికి సుమారు 2,550, అక్కడి నుంచి డల్లాస్‌కు 12,900 పైచిలుకు. చుట్టు తిరిగినందుకు పెరిగేది వెయ్యికి కాస్త పైన, అంతే.

ఇక నువ్వు పంపిన టికెట్టు వివరాలు. రాత్రి 10 గంటలకు ఇక్కడ ఎక్కి మర్నాడు ఉదయం తొమ్మిదిన్నరకు దిగుతామని, పదకొండున్నర గంటలేనని మరదలు సంబరపడుతోంది. ఎక్కే సమయం మన గడియారానిది, దిగే సమయం వాళ్ల గడియారానిది. వేసవిలో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది, చలికాలంలో పదకొండున్నర. మీరు వెళ్లేది వేసవిలో కాబట్టి పదిన్నర కలుపు. మొత్తం 22 గంటలు. దుబాయి దాకా 4, అక్కడ 2, ఆ తర్వాత ఒకే సీట్లో 16! నీ లెక్కలో ప్రయాణం మొత్తానికి వచ్చిన పదహారూ రెండో విమానానికే సరిపోయాయి. అంత ఎత్తున గాలి ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది, వెళ్లేటప్పుడు అది ఎదురుగాలి. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది, గంటా గంటన్నర మిగులుతుంది.

ఆ రెండు గంటల మజిలీ మాత్రం నాకు నచ్చలేదు. విమానం ఆగి, తలుపు తీసి, మళ్లీ తనిఖీ దాటేసరికే గంట పోతుంది. బయలుదేరే సమయానికి చాలా ముందే గేటు మూసేస్తారు. ఒకసారి నేను చెప్పులు చేతపట్టుకుని పరుగెత్తాను. మరదలి మోకాళ్లతో అది జరిగే పని కాదు. మూడు గంటలకు తక్కువ కాకుండా, రెండు విమానాలూ ఒకే టికెట్టు మీద ఉండేలా చూడు. వీల్‌చైర్ కావాలని కొనేటప్పుడే చెప్పు.

నీ చేతి గడియారం ముట్టుకోకు, మన సమయం మీదే ఉండనీ. మొదటిసారి నేను ఆ పని చేయలేదు. విమానంలో బీపీ మాత్ర వేసుకున్నాను. డల్లాస్‌లో దిగేసరికి అక్కడ ఉదయం కదా అని ఇంకొకటి వేసుకున్నాను. మన గడియారం చూస్తే నడుమ 12 గంటలే. ఆ సాయంత్రం కళ్లు తిరిగి సోఫాలో కూలబడితే మా అబ్బాయి హడలిపోయాడు. నీకు షుగరు కూడా ఉంది. ఈ 22 గంటలూ కాగితం మీద గీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లు, ఏ గంటకు ఏ మందో ఆయనచేతే రాయించుకో. ఆ కాగితమూ మందులూ చేతిసంచిలోనే ఉండాలి.

కాళ్లు వాస్తాయి, బిగుతు బూట్లు వద్దు. నిద్ర పట్టినా పట్టకపోయినా మధ్యమధ్య లేచి నాలుగడుగులు వెయ్యండి. ఆవకాయ సీసా పెద్ద పెట్టెలోకి పోవాలని మరదలికి చెప్పు, చేతిసంచిలో ఉంటే తనిఖీలో తీసి పారేస్తారు.

మూడు గంటల మజిలీ ఉన్న టికెట్టు ధర చూసి రేపు ఫోను చెయ్యి.

మీ అక్క