విశాఖలో సెకండ్ హ్యాండ్ చిన్న కారు కొంటే మీటర్ చూడాలా, తుప్పు చూడాలా?

ముందు తుప్పు, తర్వాత సర్వీస్ రికార్డు, ఆ తర్వాతే మీటర్. సముద్రపు గాలిలోని ఉప్పు తేమతో కలిసి రేకును తినేస్తుంది. ఇంజిన్‌లో అరిగిన పార్టు మార్చుకోవచ్చు గానీ, పుచ్చిపోయిన బాడీకి వెల్డింగ్ పెట్టించినా మునుపటి బలం రాదు.

రెండు 2014 స్విఫ్ట్ పెట్రోల్ బండ్లు ఉన్నాయనుకోండి. ఒకటి బీచ్ రోడ్డు పక్కన ఆరుబయట ఉండి 30,000 కిలోమీటర్లు తిరిగింది. రెండోది పెందుర్తిలో షెడ్డు కింద ఉంటూ, వేళకి ఆయిల్ మార్పించుకుంటూ 80,000 తిరిగింది. రెండోదే తీసుకోండి. ఆ 1.2 లీటర్ ఇంజిన్‌కి టైమింగ్ బెల్టు (ఇంజిన్ లోపలి వాల్వులను వేళకి తెరిపించే, కొన్నాళ్లకి మార్చాల్సిన రబ్బరు పట్టీ) కాదు, చెయిన్ ఉంటుంది. ఆయిల్ సరిగ్గా మారిస్తే 80,000 దానికో లెక్క కాదు.

డిక్కీ మ్యాట్ ఎత్తి స్టెప్నీ గుంత చూడండి. తలుపు రబ్బరు కాస్త లాగి కింది అంచు చూడండి. పెయింట్ ఉబ్బి, వేలితో నొక్కితే కరకరలాడిందా, లోపల రేకు పోయినట్టే. అయస్కాంతం అంటుకోని చోట పుట్టీ పట్టించారని అర్థం (బంపర్ ప్లాస్టిక్, దాన్ని వదిలేయండి). క్లచ్ పరీక్షకి సింహాచలం ఘాట్ చాలు: మూడో గేరులో ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కితే మోత పెరిగి వేగం పెరగకపోతే ప్లేటు అరిగింది, ఆ ఖర్చు బేరంలో తగ్గించండి.

కింద నల్లగా అండర్‌కోటింగ్ (తుప్పు పట్టకుండా బండి అడుగున కొట్టే పూత) మెరుస్తుంటే బండి భద్రమని చాలామంది అనుకుంటారు. అమ్మే ముందు కొట్టించిన కోటింగ్ తుప్పును ఆపదు, కప్పుతుంది. తేమ లోపలే చిక్కుకుని రేకు ఇంకా త్వరగా పోతుంది.