కనబడని వైఫై, నూతిలోంచి వచ్చే గొంతు

ఈ నెల ఉత్తరాలన్నీ దాదాపు ఒకే బాధ మీద వచ్చాయి. లైనక్స్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమే; మింట్, ఉబుంటు, ఫెడోరా దాని రకాలు) వేసుకున్నారు, మిగతాదంతా బాగానే ఉంది, తీగ లేని వస్తువు మాత్రం ఒక్కటీ కలవడం లేదు. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేసి జవాబులు రాస్తున్నాను. కమాండ్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో అచ్చవుతాయి. మీరు మాత్రం ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. కిందటిసారి ఒకాయన తెలుగులోనే కొట్టి 'రావట్లేదండీ' అని రాశారు, అందుకే ముందే చెబుతున్నాను.

మేడమ్, నా పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ అలాగే ఉంచి, పక్కన లైనక్స్ మింట్ వేశాను. వైఫై గుర్తే కనబడటం లేదు. హాస్టల్లో అందరూ డ్రైవరు లేదు, మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యమంటే మూడుసార్లు చేశాను. ఇంక విండోస్‌కే వెళ్లిపోవాలా?
*– బీటెక్ రెండో సంవత్సరం విద్యార్థి, మద్దిలపాలెం*

మూడుసార్లా! అదే పెన్‌డ్రైవ్ నుంచి అదే మింట్ ఎన్నిసార్లు వేసినా అదే వస్తుంది కదా బాబూ. నాలుగోసారి వెయ్యకుండా ఆగి రాశావు, అది మంచి పని.

ముందు తేల్చాల్సింది డ్రైవరు (కార్డుని నడిపే చిన్న ప్రోగ్రాము) సంగతి కాదు. అసలు వైఫై కార్డు ఉందని కంప్యూటరుకి తెలుసా లేదా అన్నది. టెర్మినల్ (కమాండ్లు కొట్టే కిటికీ) తెరిచి ఎల్ఎస్‌పీసీఐ అని ఒకే మాటగా కొట్టి, ఖాళీ వదిలి, హైఫన్ కె కొట్టు. వచ్చిన జాబితాలో 'నెట్‌వర్క్ కంట్రోలర్' అన్న వరస వెతుకు. అక్కడ కార్డు పేరు ఉండి, దాని కింద 'కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్' అన్న ముక్క కూడా ఉంటే డ్రైవరు ఉన్నట్టే. తప్పు ఇంకెక్కడో ఉంది. పేరు ఉండి ఆ ముక్క లేకపోతే అప్పుడు డ్రైవరు గురించి ఆలోచించాలి. పేరే లేకపోతే కార్డు వదులైందో, బయాస్‌లో (కంప్యూటరు లేవగానే చూసుకునే మూల సెట్టింగుల్లో) ఆపేసి ఉందో చూడాలి.

డ్రైవరు ఉండి కూడా వైఫై రాకపోతే ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ అని కొట్టు. 'సాఫ్ట్ బ్లాక్డ్' దగ్గర 'యెస్' (అవును) అని ఉంటే సాఫ్ట్‌వేరు తాళం వేసిందని. సుడో ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ ఆల్ కొడితే ఊడుతుంది. 'హార్డ్ బ్లాక్డ్' దగ్గర 'యెస్' ఉంటే మాత్రం ఏ కమాండూ పనిచెయ్యదు, చేత్తో తియ్యాల్సిన తాళం అది. కాలేజీ ల్యాబ్‌లో నేను పనిచేసే రోజుల్లో ఒక లెక్చరరు గారి ల్యాప్‌టాప్ పట్టుకుని మధ్యాహ్నం భోజనం కూడా మానేసి కూర్చున్నాను. మూడు డ్రైవర్లు మార్చాను. ఇద్దరు కుర్రాళ్లని కేకలేశాను. సాయంత్రం ఊడవడానికొచ్చిన ఆవిడ ఆ ల్యాప్‌టాప్‌ని పక్కకి జరుపుతూ, 'ఇదేటమ్మా, ఈ పక్కన బుల్లి మీట ఉంది' అంది. బియ్యపు గింజంత స్విచ్చి. వైఫై ఆపెయ్యడానికి పెట్టింది. దాన్ని ముందుకి తోశాక లైటు వెలిగింది. ఆ రోజు నుంచీ నేను ముందు ల్యాప్‌టాప్‌కి నాలుగు పక్కలా చూసిగానీ టెర్మినల్ తెరవను. కొత్తవాటిలో ఈ స్విచ్చి ఎఫ్ మీటల్లో ఒకదాని మీద విమానం బొమ్మగా ఉంటుంది.

నీ విషయంలో నాకు ఇంకో అనుమానం ఉంది. పక్కన విండోస్ ఉందన్నావు. విండోస్‌లో 'ఫాస్ట్ స్టార్టప్' అని ఒకటి ఉంటుంది. మనం షట్‌డౌన్ చేశామనుకుంటాం, అది సగం నిద్రలోనే ఉంటుంది. కొన్ని వైఫై కార్డులు ఆ నిద్రలోంచి లైనక్స్ పిలిస్తే లేవవు. పరీక్ష చాలా సులువు. విండోస్‌లోకి వెళ్లి షట్‌డౌన్ కాకుండా రీస్టార్ట్ కొట్టి, అటునుంచి అటే మింట్‌లోకి రా. రీస్టార్ట్ అంటే అది పూర్తిగా ఆగి లేస్తుంది. అప్పుడు వైఫై వచ్చిందంటే దొంగ దొరికినట్టే. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి ఆ ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసెయ్.

ఇవేవీ కాక కార్డు పేరులో 'బ్రాడ్‌కామ్' కనబడితే మాత్రం డ్రైవరు లేదని మీ హాస్టల్ వాళ్లు చెప్పింది నిజం కావచ్చు. ఆ కంపెనీ పాత కార్డులు కొన్నింటికి డ్రైవరు మూసిపెట్టిన సరుకు (లోపలి కోడు కంపెనీ బయటపెట్టదు), విడిగా దించుకోవాలి. మింట్‌లో 'డ్రైవర్ మేనేజర్' తెరిస్తే అదే చూపిస్తుంది. దించుకోవడానికి నెట్ కావాలి, నెట్‌కి డ్రైవరు కావాలి! ఈ మెలికకి విరుగుడు నీ జేబులోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌ని చార్జింగ్ కేబుల్‌తో తగిలించి, ఫోన్‌లో 'యూఎస్‌బీ టెథరింగ్' ఆన్ చెయ్. లైనక్స్ దాన్ని తీగ కనెక్షన్ అనుకుని వెంటనే కలుస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి మా ల్యాబ్ కిటికీలు ఎగిరిపోయాక, తడిసిన హార్డ్‌డిస్కులు తీసేసి, బతికిన మెషీన్లని పెన్‌డ్రైవ్ లైనక్స్‌తో నడిపాం. సిగ్నలు తిరిగొచ్చాక వాటికి కావలసినవన్నీ ఒక్క ఫోనుతోనే వంతులవారీగా దించాను.

ఒక్క జాగ్రత్త చెబుతాను. 'సెక్యూర్ బూట్' (నమ్మకమైనదని తేలని ప్రోగ్రాముల్ని అడ్డుకునే కాపలా) ఆన్‌లో ఉంటే డ్రైవరు వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీబూట్ అవ్వగానే నీలం తెర వచ్చి 'ఎన్‌రోల్ మాక్' అని అడుగుతుంది. భయపడి ఊరుకుంటే కొన్ని సెకన్లకి అది వెళ్లిపోతుంది, డ్రైవరు వేసినా పనిచెయ్యదు. ఎన్‌రోల్ ఎంచుకుని ఆ పాస్‌వర్డే ఇవ్వు.

నమస్కారమమ్మా. ఉద్యోగ విరమణ తర్వాత ఉబుంటు నేర్చుకుంటున్నాను. బ్లూటూత్ హెడ్‌సెట్‌లో ఘంటసాల పాటలు అద్భుతంగా వినిపిస్తాయి. అమెరికాలో ఉన్న అమ్మాయితో వీడియో కాల్ మొదలవగానే మాత్రం ఆమె గొంతు నూతిలోంచి వస్తున్నట్టు మారిపోతుంది. హెడ్‌సెట్ పాడైందా?
*– ఒక విశ్రాంత ఉద్యోగి, ఉక్కునగరం*

హెడ్‌సెట్ బాగుందండీ, ఉబుంటూ బాగుంది. తప్పు బ్లూటూత్‌ది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే దాని ఇరుకుతనానిది.

మీరు పాట వినేటప్పుడు శబ్దం ఒకవైపే నడుస్తుంది, కంప్యూటరు నుంచి మీ చెవికి. దానికి వాడే పద్ధతి పేరు ఏ2డీపీ. దారి మొత్తం పాటకే ఇచ్చేస్తుంది కాబట్టి రెండు చెవులకీ నిండుగా వినిపిస్తుంది. కాల్ మొదలవగానే హెడ్‌సెట్ మైకు కూడా తెరుచుకుంటుంది. ఇప్పుడు రెండువైపులా మాట నడవాలి కాబట్టి హెచ్‌ఎఫ్‌పీ అన్న టెలిఫోన్ పద్ధతికి మారిపోతుంది. సీడీ పాటలో శబ్దాన్ని సెకనుకి 44,100 సార్లు కొలుస్తారు. ఈ టెలిఫోన్ పద్ధతిలో పాత రకమైతే 8,000 సార్లు, కాస్త మెరుగైన రకమైతే 16,000 సార్లు కొలుస్తారు. 8,000 అంటే మన పాత ల్యాండ్‌లైన్ లెక్కే. ట్రంకు కాల్ రోజులు చూసినవారు, ఆ నూతి మీకు కొత్తేమీ కాదు కదా! విండోస్‌లో కూడా ఇలాంటి హెడ్‌సెట్లకి ఇదే అవస్థ. అక్కడ ఎవరూ ఆపరేటింగ్ సిస్టమ్‌ని తిట్టరు, అంతే తేడా.

మీరు చెయ్యాల్సింది ఏమిటంటే, సెట్టింగ్స్‌లో సౌండ్ తెరిచి 'ఇన్‌పుట్' దగ్గర హెడ్‌సెట్ మైకు బదులు ల్యాప్‌టాప్ సొంత మైకు ఎంచుకోండి. కాల్ చేసే యాప్‌లో కూడా అదే మైకు పెట్టండి. 'ఔట్‌పుట్' కింద కాన్ఫిగరేషన్ దగ్గర ఏ2డీపీ ఉండేలా చూడండి. ఇక మీ మాట ల్యాప్‌టాప్ మైకులోంచి వెళ్తుంది, అమ్మాయి గొంతు హెడ్‌సెట్‌లోకి నిండుగా వస్తుంది. ఫ్యాను కింద కూర్చుంటే మాత్రం ఆ గాలి చప్పుడంతా ఆవిడకి వినిపిస్తుంది, కొంచెం పక్కకి జరగండి.

అక్కా, ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, ఫెడోరా రెండూ ఉన్నాయి. విండోస్‌లో ఇయర్‌బడ్స్ జత చేస్తే ఫెడోరాలో పోతాయి. ఫెడోరాలో చేస్తే విండోస్‌లో పోతాయి. రోజూ ఇదే గొడవ, పిచ్చెక్కిపోతోంది.
*– ఐటీ ఉద్యోగిని, రుషికొండ*

జత చేసినప్పుడల్లా ఇయర్‌బడ్స్, కంప్యూటరు కలిసి ఒక రహస్య తాళంచెవి తయారుచేసుకుంటాయి తల్లీ. ఇయర్‌బడ్స్ ఆ చెవిని బ్లూటూత్ కార్డు చిరునామా మీద రాసుకుంటాయి. నీ దగ్గర కార్డు ఒకటే, చిరునామా ఒకటే, కాపురాలు రెండు. విండోస్‌లో కొత్త చెవి చేయించగానే ఫెడోరా దగ్గరున్నది పాతదైపోతుంది. అందుకే అక్కడ 'కనెక్టెడ్' అని కనబడి ఆ వెంటనే తెగిపోతుంది.

పద్ధతిగా చెయ్యాలంటే రెండుచోట్లా ఒకే చెవి ఉండాలి. ముందు ఫెడోరాలో జత చెయ్యి, తర్వాత విండోస్‌లో చెయ్యి. ఇప్పుడు చెల్లే చెవి విండోస్ దగ్గర, దాని రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు రాసుకునే చిట్టాలో) ఉంటుంది. దాన్ని చదివి ఫెడోరాలో వార్ ఫోల్డరు, అందులో లిబ్, అందులో బ్లూటూత్, అక్కడ మీ కార్డు చిరునామా, దాని లోపల ఇయర్‌బడ్స్ చిరునామా, అందులో 'ఇన్ఫో' ఫైలు తెరిచి, 'లింక్ కీ' అన్నచోట పాతది తీసి ఇది రాయాలి. బ్లూటూత్ సర్వీసు రీస్టార్ట్ చేస్తే రెండువైపులా నడుస్తుంది. రిజిస్ట్రీలో ఆ భాగం మామూలు అడ్మిన్‌కి కూడా తెరుచుకోదు. అంచేత ఫెడోరాలోంచే సీహెచ్‌ఎన్‌టీపీడబ్ల్యూ అన్న పనిముట్టుతో చదువుతారు. డ్రైవుకి బిట్‌లాకర్ (విండోస్ వేసే డిస్కు తాళం) వేసి ఉంటే ముందు ఆ తలుపు తీసుకోవాలి.

చదవగానే నీరసం వచ్చిందా? నాకైతే ఒకసారి చేశాక రెండోసారి ఓపిక లేకపోయింది. చిన్న బ్లూటూత్ డాంగిల్ (యూఎస్‌బీ పోర్టులో పెట్టే బుల్లి ముక్క) ఒకటి కొని ఫెడోరాకి కేటాయించేశాను. దానికి వేరే చిరునామా ఉంటుంది కాబట్టి ఇయర్‌బడ్స్ దాన్ని వేరే మెషీన్ అనుకుంటాయి. తగువు తీరిపోయింది.

మా డీటీపీ షాపులో తీగ లేని మౌస్ ఉంది, దాని డాంగిల్ కంప్యూటరు వెనకాల పెట్టాం. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ తగిలించినప్పుడల్లా మౌస్ గెంతుతుంది. లైనక్స్‌కి మారాక గమనించాను.
*– ఒక పాఠకుడు, గాజువాక*

మారాక గమనించారు, అంతే. హార్డ్‌డిస్క్ పెట్టింది నీలం పోర్టు అయ్యుంటుంది, అంటే యూఎస్‌బీ 3.0. అందులో డేటా పరిగెత్తేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుడుతుంది. మీ మౌస్ మాట్లాడేది సరిగ్గా అక్కడే. ఈ సంగతి 2012లో ఇంటెల్ కంపెనీయే ఒక పత్రంలో వివరించింది. చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ తెచ్చి, డాంగిల్‌ని హార్డ్‌డిస్కుకి దూరంగా, మౌస్‌కి దగ్గరగా టేబుల్ మీదికి తెచ్చుకోండి. డ్రైవర్ల జోలికి వెళ్లకండి.

మా ఇల్లు పెదజాలరిపేటలో, సముద్రం ఎదురుగానే. వైఫై డాంగిల్ ఏడాది బాగానే పనిచేసి, ఇప్పుడు తగిలిస్తే ఒకసారి వస్తుంది, పదిసార్లు రాదు. ఉబుంటు అప్‌డేట్ వల్లేనా?
*– డిగ్రీ విద్యార్థిని*

అప్‌డేట్ వల్లయితే మామూలుగా ఒకసారి వచ్చి పదిసార్లు రాకపోవడం ఉండదమ్మా, అసలు రానే రాదు. డాంగిల్ తగిలించి సుడో డీఎంఈఎస్‌జీ (రెండోది ఒకే మాటగా) కొట్టి చివరి వరసలు చూడు. 'ఎరర్ మైనస్ 71' అని ఉంటే కంప్యూటరుకి, డాంగిల్‌కి మధ్య మాట సరిగ్గా అందడం లేదని. డాంగిల్ మొనలో ఇత్తడిరంగు పట్టీలు నాలుగు ఉంటాయి. అవి నల్లబడ్డాయా, పచ్చగా చిలుం పట్టిందా చూడు. మన ఉప్పుగాలికి కిటికీ ఊచలే నిలవవు, ఇవెంత! పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి గుడ్డతో తుడిచి, వేరే పోర్టులో పెట్టు. నేను లాసన్స్ బే దగ్గర అద్దెకున్నప్పుడు ఏటా వానాకాలం అయ్యాక ఈ సేవ చేసేదాన్ని. రుద్దినా రాకపోతే డాంగిల్ ఆయుష్షు తీరినట్టే.

కొత్తది కొనేటప్పుడు పెట్టె మీద కంపెనీ పేరు కాదు, లోపలి చిప్ పేరు అడుగు. షాపువాడు విసుక్కున్నా సరే. మీడియాటెక్ ఎంటీ7612యూ చిప్‌కి 4.19 కెర్నెల్ (లైనక్స్‌కి గుండె లాంటి భాగం) నుంచీ లైనక్స్‌లోనే డ్రైవరు ఉంది. తగిలించగానే వస్తుంది, 5 గిగాహెర్ట్జ్ కూడా పడుతుంది. 'సీడీ లోపల ఉంది, లైనక్స్‌కి కూడా పనిచేస్తుంది' అని ఎవరైనా అంటే నమస్కారం పెట్టి పక్క షాపుకి వెళ్లు.

మా బడిలో ఫోన్లన్నిటికీ వైఫై కనబడుతుంది. లైనక్స్ ల్యాప్‌టాప్‌కి మాత్రం ఆ పేరే రాదు. పక్కింటివాళ్ల వైఫై మాత్రం వస్తుంది!
*– ఒక ఉపాధ్యాయుడు, భీమిలి*

పక్కింటివారిది వస్తోందంటే కార్డు, డ్రైవరు రెండూ బాగున్నట్టే మాస్టారూ. మీ రౌటరు 12 లేదా 13వ చానల్లో కూర్చుని ఉండొచ్చు. మన దేశంలో 13 వరకూ వాడుకోవచ్చు. కొన్ని కార్డులు మాత్రం తాము ఏ దేశంలో ఉన్నాయో తెలియనప్పుడు 11 దాటి చూడవు. రౌటరు సెట్టింగుల్లో చానల్‌ని 'ఆటో' తీసేసి 1, 6, 11లో ఒకటి పెట్టండి. రౌటరు 5 గిగాహెర్ట్జ్‌లో మాత్రమే నడుస్తూ, ల్యాప్‌టాప్ పాతదై 2.4 మాత్రమే పట్టేదైనా ఇలాగే అవుతుంది. అదీ ఒకసారి చూడండి. రౌటరు ఇనప బీరువా మీద ఉంటే ముందు దాన్ని దించండి.