‘డిపెండెన్సీ’ని తెలుగులో ఏమనాలి?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఐదు ఒకే మాట చుట్టూ తిరిగాయి. అందుకే వాటిని ఒకచోట చేర్చి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: డిపెండెన్సీ అంటే నిఘంటువులో ‘ఆధారపడటం’ అని ఉంది. అన్నిచోట్లా అదే రాయవచ్చా? – డిగ్రీ విద్యార్థిని, తెనాలి

జవాబు: రాస్తే వాక్యం తప్పు కాదు గానీ చాలాచోట్ల అర్థం జారిపోతుంది. ఇంగ్లిష్ మాట లాటిన్ నుంచి వచ్చింది. అక్కడ దాని మూలార్థం కిందికి వేలాడటం. మెడలో వేలాడే పెండెంట్, గోడ గడియారంలో ఊగే పెండ్యులం దాని చుట్టాలే. మన ‘ఆధారం’ ధరించడం నుంచి, అంటే మోయడం నుంచి వచ్చింది. వాళ్లది పైదాన్ని పట్టుకుని వేలాడటం, మనది కిందిదాని మీద నిలబడటం. ఎలా చూసినా అడగాల్సింది ఒకటే: ఏది తీసేస్తే ఏది పడిపోతుంది? ఆ జవాబును బట్టి తెలుగు మాట ఎంచుకోవాలి.

వానను నమ్ముకున్నది వర్షాధార పంట. ఒకరి సంపాదనతో బతికేవాళ్లు వారి పోషణలో ఉన్నవాళ్లు, కాగితాల్లో ఆధారితులు. జెర్సీ, గెర్న్‌సీ, ఐల్ ఆఫ్ మ్యాన్ బ్రిటిష్ రాజరికానికి అధీన ప్రాంతాలు. అవి యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగం కావు, వాటికి సొంత చట్టసభలున్నాయి, రక్షణ బాధ్యత మాత్రం బ్రిటన్‌ది. వాటిని ‘ఆధారపడిన ప్రాంతాలు’ అంటే తిండికో డబ్బుకో చేయి చాస్తున్నాయనిపిస్తుంది.

ఇంకో సంగతి. ‘ధర నాణ్యతపై ఆధారపడి ఉంటుంది’ అని ఈమధ్య అందరూ రాస్తున్నారు. ‘నాణ్యతను బట్టి ధర’ అంటే సరిపోతుంది. ‘బట్టి’ ఉన్న భాషలో ప్రతిదాన్నీ దేనిమీదో ఆధారపడేలా చేయనక్కర్లేదు.

ప్రశ్న: ప్రాజెక్టు నా ల్యాప్‌టాప్‌లో నడుస్తోంది, స్నేహితుడి దాంట్లో ‘డిపెండెన్సీ’ ఎర్రర్ ఇస్తోంది. ఎందుకు? – బీటెక్ విద్యార్థి, కాకినాడ

జవాబు: మీ ప్రోగ్రాం వాడుకునే ఇతరుల కోడే ఇక్కడ డిపెండెన్సీ. దీనికి తెలుగు మాట వెతకవద్దు, తోటివాళ్లకు అర్థం కాదు. జావాస్క్రిప్ట్‌లో ఇతరుల కోడును దించుకునే సాధనమైన ఎన్‌పీఎంలో వెర్షన్ అంకె ముందు ‘^’ గుర్తు ఉంటే అదే మేజర్ వెర్షన్‌లో కొత్తగా వచ్చినదాన్ని కూడా దించుకోవచ్చని అర్థం. మీరు దించిన రోజుకూ మీ స్నేహితుడు దించిన రోజుకూ మధ్య కొత్తది వచ్చి ఉంటుంది. ఏ వెర్షన్లు దించారో కచ్చితంగా నమోదు చేసే ప్యాకేజ్-లాక్ ఫైలును గిట్‌లో చేర్చండి, అతన్ని ‘ఎన్‌పీఎం ఇన్‌స్టాల్’ బదులు ‘ఎన్‌పీఎం సీఐ’ కొట్టమనండి, అది ఆ ఫైలులో ఉన్న వెర్షన్లనే దించుతుంది. 2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని రాసినవారు తీసేయగానే, దాన్ని వాడుకునే ఎన్నో ప్రాజెక్టుల తయారీ ఆగిపోయింది. వాటిలో చాలావాటికి అది తమ లోపల ఉన్నట్టే తెలియదు, ఎందుకంటే అది డిపెండెన్సీకి డిపెండెన్సీగా లోపలికి వచ్చింది.

ప్రశ్న: మా బావ రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. 34 ఏళ్లు, సొంత టైలరింగ్ షాపు, నెలకు 20 వేల సంపాదన. అక్క, ఇద్దరు పిల్లలు, బావ వాళ్ల అమ్మ ఉన్నారు. లాయరు గారు ‘లాస్ ఆఫ్ డిపెండెన్సీ’ అంటున్నారు. పరిహారం పిటిషన్‌లో అత్తగారి పేరు అవసరం లేదని బంధువులు అంటున్నారు. – ఖమ్మం

జవాబు: అత్తగారి పేరు తప్పకుండా ఉండాలి. ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది.

లాస్ ఆఫ్ డిపెండెన్సీ అంటే పోషణ నష్టం, ఆయన బతికి ఉంటే ఇంటికి అందేది అందకపోవడం. లెక్క పద్ధతిని సుప్రీంకోర్టు సరళా వర్మ (2009), ప్రణయ్ సేథీ (2017) తీర్పుల్లో స్థిరపరిచింది. ఏడాది సంపాదన 2,40,000. సొంత పని చేసుకునేవారికి 40 ఏళ్లలోపైతే భవిష్యత్ పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు: 3,36,000. అందులో ఆయన సొంత ఖర్చు తీసేస్తారు. పోషణలో 2–3 మంది ఉంటే మూడో వంతు, 4–6 మంది ఉంటే నాలుగో వంతు. మీ ఇంట్లో నలుగురు, కాబట్టి మిగిలేది 2,52,000. దీన్ని వయసును బట్టి ఒక గుణకంతో, అంటే ఎన్నేళ్ల సంపాదనగా లెక్కించాలో చెప్పే అంకెతో హెచ్చిస్తారు. 31–35 ఏళ్లకు అది 16. మొత్తం 40,32,000. అంత్యక్రియల ఖర్చులాంటివి దీనికి అదనం.

ఇప్పుడు అత్తగారిని వదిలేయండి. ముగ్గురే అవుతారు, మూడో వంతు పోతుంది, 2,24,000 ఇంటూ 16, అంటే 35,84,000. ఒక్క పేరు రాయకపోతే 4,48,000 తగ్గుతుంది. పైగా ఆవిడకు న్యాయంగా రావాల్సిన వాటా కూడా పోతుంది. మామగారు ఉంటే మాత్రం ఆయనకు సొంత ఆదాయం ఉంటుందనే కోర్టు మామూలుగా భావిస్తుంది. లేకపోతే ఆధారం చూపాలి.

రెండోది వయసు. 36 అని పడితే గుణకం 15కు దిగుతుంది, మరో 2,52,000 పోతుంది. ఆధార్ కార్డులో పుట్టిన తేదీ తప్పుగా ఉండటం మామూలే. పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది, బడి సర్టిఫికెట్ పెట్టండి. మూడోది సంపాదన. ఆదాయపు పన్ను రిటర్నులు లేకపోతే షాపు లైసెన్సు, బ్యాంకు ఖాతా, ఫోన్‌పే జమలు, అద్దె కాగితం చూపండి. ఏమీ లేకపోతే కోర్టు ఊహించి వేసే మొత్తం చాలా తక్కువ ఉంటుంది. ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు పిటిషన్ వేయాలని చట్టంలో ఉంది, ఆలస్యం చేయవద్దు.

వారసులు, ఆధారితులు ఒకటి కారు. ఉద్యోగం చేసే కొడుకు వారసుడే కానీ తండ్రి పోషణలో లేడు. ఫారంలో రెండు గళ్లుంటే ఈ తేడా చూసి నింపండి.

ప్రశ్న: బీపీ మాత్ర మొదలుపెడితే అలవాటైపోయి జీవితాంతం వదలదట. డిపెండెన్సీ అంటే అదేనా? – విశాఖపట్నం

జవాబు: అది కాదు. ‘అలవాటు’ అన్న మాటే ఇక్కడ మనుషుల్ని భయపెట్టి మందు మాన్పిస్తోంది. శరీరం మందు మీద ఆధారపడితే రెండు గుర్తులుంటాయి. అదే ఫలితానికి మోతాదు పెంచుకుంటూ పోవాల్సి రావడం ఒకటి, ఆపితే కొత్త బాధలు పుట్టుకురావడం రెండోది. బీపీ మాత్ర అమ్లోడిపిన్ ఆపితే కొత్త బాధేమీ రాదు, పాత బీపీ మళ్లీ పెరుగుతుంది. కళ్లజోడు తీస్తే చూపు మసకబారుతుంది, అలాగని కళ్లజోడుకు అలవాటు పడ్డారని ఎవరూ అనరు కదా.

అయితే కొన్ని బీపీ మందులు ఒక్కసారిగా ఆపకూడదు. మెటోప్రొలాల్, ప్రొప్రనలాల్ హఠాత్తుగా ఆపితే గుండె వేగం, కొందరిలో ఛాతీనొప్పి రావచ్చు. క్లోనిడిన్ ఆపితే బీపీ మునుపటి కంటే ఎక్కువకు ఎగబాకవచ్చు. ఇవి వ్యసనం కావు, శరీరం మందుకు సర్దుకున్నందువల్ల వచ్చేవి. డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి.

ప్రశ్న: నాన్న రోజూ కల్లు దుకాణానికి వెళ్తారు. రేపటి నుంచి గదిలో పెట్టి ఒక్క చుక్క ఇవ్వకుండా మాన్పిద్దామని అన్నయ్య అంటున్నాడు. – నిజామాబాద్ జిల్లా

జవాబు: దయచేసి అలా చేయకండి. మాన్పించాల్సిందే, కానీ ఇంట్లో తలుపు వేసి కాదు.

చెట్టు నుంచి దించిన కల్లులో ఆల్కహాల్ శాతం తక్కువ. దుకాణాల్లో అమ్మే కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డయజెపం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. అవి నిద్రమాత్రల జాతి మందులు. ఏళ్ల తరబడి తాగినవారి మెదడు వాటి మీదే నిలబడి ఉంటుంది. మీ జిల్లాలోనూ మహబూబ్‌నగర్‌లోనూ 2015లో కల్తీపై దాడులు జరిగి కల్లు దొరక్కపోయేసరికి ఎంతోమంది వింతగా ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తో ఆసుపత్రులకు వచ్చారు. అది పిచ్చి కాదు, ఊతం లాగేసినందువల్ల వచ్చిన స్థితి.

మద్యం ఆపిన 6–24 గంటల్లో చేతులు వణకడం, చెమట, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా 48 గంటల్లోపు వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య లేని మనుషులతో మాట్లాడటం, సమయం, చోటు తెలియకపోవడం, జ్వరం కనిపిస్తే ప్రాణాపాయం, వెంటనే 108 పిలవాలి. డయజెపం శరీరంలో చాలాసేపు ఉంటుంది కాబట్టి దాని బాధలు వారం తర్వాత కూడా రావచ్చు. మూడు రోజులు బాగానే ఉన్నారని ధీమా పడవద్దు.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా పెట్టవద్దు, చేతిలో తాళంచెవులు పెట్టడం వల్ల ఏమీ ఆగదు. ఆసుపత్రిలో అదే జాతి మందును కొలిచి ఇచ్చి రోజురోజుకూ తగ్గిస్తారు, గ్లూకోజు ఎక్కించే ముందు బీ1 విటమిన్ ఇంజెక్షన్ చేస్తారు. జిల్లా ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. ముందుగా మాట్లాడాలంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446 ఉన్నాయి, రెండూ ఉచితం.

డాక్టరు దగ్గర సిగ్గుపడి తక్కువ చెప్పకండి. రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్ల నుంచి, చివరిసారి ఎప్పుడు తాగారు, ఇంతకుముందు ఆపినప్పుడు ఫిట్స్ వచ్చాయా అన్నవి చీటీ మీద రాసుకుని వెళ్లండి. మందు మోతాదు వాటిని బట్టే నిర్ణయిస్తారు.