ఫోనుంది, ఓటీపీ మాత్రం రాదు

ప్రశ్న: మాది మక్తల్ దగ్గర పల్లె. మహిళా సంఘం తరఫున ఊళ్లో ఫోను వాడకం నేర్పుదామనుకుంటున్నాం. వలస పోయొచ్చిన ఇళ్లే ఎక్కువ. ఎక్కడ మొదలుపెట్టాలి? ఎవరి సాయం అడగాలి?

జవాబు: పాఠాల కన్నా ముందు నంబర్ల సంగతి చూడండమ్మా. పాలమూరు నుంచి పుణె, ముంబయి పోయినవాళ్లు అక్కడో సిమ్ము, ఇక్కడో సిమ్ము తీసుకుంటారు. ప్రీపెయిడ్ సిమ్ము రీఛార్జి లేక 90 రోజులు వాడకుండా పడుంటే ఆగిపోతుంది. తర్వాత ఆ నంబరు వేరొకరికి పోవచ్చు. ఆధార్‌లో మాత్రం పాతదే ఉంటుంది, ఓటీపీ దానికే పోతుంది. అలాంటి ఇంట్లో ఎంత నేర్పినా పని జరగదు.

ఇంటింటికీ తిరిగి ఒక నోటుబుక్కులో పేరు, ఇప్పుడు వాడుతున్న నంబరు, ఫోను ఎవరి చేతిలో ఉంటుందో రాయండి. ఆధార్ నంబరు, పిన్ మాత్రం రాయొద్దు. నంబరు లింకయిందో లేదో మైఆధార్ వెబ్‌సైటులో తెలుస్తుంది. మార్చాల్సినవాళ్ల జాబితాతో పోస్టాఫీసులో అడగండి. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ ద్వారా పోస్ట్‌మ్యానే ఈ పని చేసే ఏర్పాటు 2021 నుంచి ఉంది. కాగితాలేవీ అక్కర్లేదు, మనిషి ఎదురుగా ఉండి వేలిముద్ర వేయాలి. రసీదు పారేయకండి, మారిందో లేదో చూడాలంటే అందులోని నంబరే ఆధారం.

ఇక సాయం. గది, కరెంటు పంచాయతీని అడగండి. డబ్బు సంగతులు చెప్పడానికి బ్యాంకు మేనేజర్‌కు సంఘం లెటర్‌హెడ్ మీద అర్జీ ఇవ్వండి. గ్రామీణ శాఖలు నెలనెలా ఆర్థిక అక్షరాస్యత శిబిరం పెట్టాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. పక్కన కూర్చుని చూపించడానికి ఇంటర్, డిగ్రీ పిల్లలు చాలు. అరవై దాటినవాళ్లను ముందు పిలవండి. కేంద్రం 2017లో తెచ్చిన గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ ఇంటికొకరికి, అదీ 14 నుంచి 60 ఏళ్లవాళ్లకే 20 గంటలు నేర్పింది. అంటే పింఛనుదారుల్లో చాలామంది దాని బయటే ఉండిపోయారు. మాకు బాధ కలిగించే విషయం ఇది.

ఒక విడతకు ఐదారుగురే ఉండాలి, ఎవరి ఫోను వాళ్లదే. సాయం చేసేవాళ్లు ఫోను తమ చేతిలోకి తీసుకోకూడదు. పని త్వరగా అవుతుందని తీసుకుంటారు, అవతలివాళ్లకు ఏమీ రాకుండా పోతుంది. బ్యాంకు మెసేజీలు ఇంగ్లీషులో వస్తాయి కాబట్టి 'క్రెడిటెడ్', 'డెబిటెడ్' అనే రెండు మాటల ఆకారం గుర్తుపట్టించండి. డబ్బు రావడానికి పిన్ కొట్టనక్కర్లేదని పదేపదే చెప్పండి. మోసం జరిగితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ప్రశ్న: దేవరకొండ పక్క తండా మాది. మా నాయనకు రేషన్ షాపులో వేలిముద్ర పడక బియ్యం ఇవ్వట్లేదు. ఏం చేయాలి?

జవాబు: ఏళ్లకేళ్లు కూలి పని చేస్తే వేళ్ల గీతలు అరిగిపోతాయి. చేతులు కడిగి, తుడిచి, పదివేళ్లూ ఒక్కొక్కటిగా పెట్టి చూడమనండి. పడకపోతే కార్డులో పేరున్న ఇంకొకరు వేయొచ్చు. అదీ కాకపోతే కంటిపాప లేదా ఓటీపీతో ఇవ్వమని అడగండి. ముద్ర పడలేదని అర్హుల్ని వెనక్కి పంపకూడదని, ప్రత్యామ్నాయంగా ఇచ్చి రిజిస్టరులో రాసుకోవాలని ఆధార్ సంస్థ 2017 అక్టోబరు 24న సర్క్యులర్ ఇచ్చింది. డీలర్‌కు ఆ తేదీ చెప్పండి. అప్పటికీ కాదంటే ఏ రోజు వెళ్లారో, ఏం చెప్పారో రాసి తహసీల్దార్‌కు ఇచ్చి, రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. ఆ కాపీ పట్టుకుని సోమవారం నల్లగొండ కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్లండి. నోటిమాటగా చెప్పి వస్తే రికార్డులో ఏమీ మిగలదు.

ప్రశ్న: బటన్ల ఫోనుతో డబ్బు పంపొచ్చా?

జవాబు: పంపొచ్చు. యూపీఐ 123పే 2022 మార్చి నుంచి ఉంది, ఇంటర్నెట్ అవసరం లేదు. ఆ నంబరు బ్యాంకు ఖాతాకు లింకై ఉండాలి, పిన్ పెట్టుకోవాలి. మొదటిసారి పది రూపాయలు ఇంట్లోవాళ్లకే పంపి చూడండి.