ఎప్పుడూ ఏదో ఒక బెంగ: స్వభావమా, జబ్బా?

"ప్రతిదానికీ కంగారుపడుతూనే ఉంటాను, ఇది నా స్వభావమా, చికిత్స అవసరమైన జబ్బా?" అని మీరు అడిగారు. ఆ తేడా గ్రహించడానికి నాకు దాదాపు నాలుగేళ్లు పట్టింది.

నాకున్నది జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్ (పలు విషయాల మీద ఆగకుండా ఆందోళన ఉండే జబ్బు) అని ఎవరికీ తట్టకపోవడానికి కారణం, అది భయంలా కాక బాధ్యతలా కనిపించడమే. పాప స్కూలు బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే నా మనసు ఆసుపత్రి దాకా వెళ్లిపోయేది. బస్సు రాగానే ఆ బెంగ తీరడానికి బదులు ఇంటి అప్పు వాయిదా మీదికో, అమ్మ బీపీ మీదికో మళ్లేది. ఆఫీసులో ఒక్క ఉత్తరాన్ని ఐదారుసార్లు చదివి పంపి, పంపాక మళ్లీ తెరిచి చూసుకునేవాణ్ణి. ఇంట్లో మాత్రం నాకు ముందుచూపు గల మనిషినన్న పేరుండేది.

మెడా భుజాలూ పట్టేసేవి, కడుపులో మంట, తెల్లవారుజామున మూడింటికే మెలకువ. గ్యాస్ట్రిక్ అనుకుని మాత్రలు వాడాను. ఈసీజీ, థైరాయిడ్ పరీక్షలు బాగానే వచ్చాయి గాని, ఆ ఊరట ఒక పూటకు మించి నిలవలేదు.

చివరికి మా ఫిజీషియనే సైకియాట్రిస్టు వద్దకు పంపారు. కనీసం 6 నెలలుగా, ఎక్కువ రోజులు, పలు విషయాల మీద అదుపులోకి రాని ఆందోళన ఉండాలనీ, దానితోపాటు అస్థిమితం, త్వరగా అలసిపోవడం, ఏకాగ్రత కుదరకపోవడం, చిరాకు, కండరాల బిగువు, నిద్ర చెడటం అనే 6 లక్షణాలలో 3 అయినా కనబడాలనీ, వాటివల్ల పనో సంసారమో దెబ్బతినాలనీ ఆ సైకియాట్రిస్టు వివరించారు. మీ ప్రశ్నకు జవాబు ఆ చివరి షరతులోనే ఉన్నదని నా అభిప్రాయం. ఆందోళన తీవ్రతను కొలిచే 7 ప్రశ్నల జీఏడీ-7 పత్రంలో 21కి నాకు 16 వచ్చాయి. 10 గాని అంతకు మించి గాని వస్తే లోతుగా పరీక్షించాలంటారు, అంతేగాని ఆ అంకె ఒక్కటే జబ్బును నిర్ధారించదు.

ఆందోళన తగ్గడానికి రాసిచ్చిన ఎస్సిటాలోప్రామ్ మాత్ర మొదటి మూడు వారాలు వికారం తప్ప మరేమీ ఇవ్వలేదు, దాదాపు మానేయబోయాను. దానితోపాటు జరిగిన సీబీటీలో (ఆలోచనల తీరునూ అలవాట్లనూ మార్చే మాటల చికిత్సలో), బెంగపడటానికి సాయంత్రం 20 నిమిషాలు కేటాయించి, పగలు వచ్చినవన్నీ నోటుపుస్తకంలో రాసి అప్పటికి వాయిదా వేయమన్నారు. వినగానే నవ్వొచ్చింది; కానీ సాయంత్రానికి వాటిలో సగం నాకే చిన్నవిగా తోచేవి. టీ ఐదు నుంచి రెండుకు తగ్గించడమూ కలిసొచ్చింది. నిద్ర కోసమని ఎవరైనా అల్ప్రాజోలామ్ అనే మత్తుమాత్ర ఇస్తే సొంతంగా కొనసాగించకండి, అది అలవాటైపోతుంది.

వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ 14416లో తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు. డాక్టరు దగ్గరకు వెళ్లేముందు నిద్ర, పని, ఇంట్లో మాటలు ఎక్కడెక్కడ చెడ్డాయో కాగితం మీద రాసుకుని వెళ్లండి. నేను మొదటిసారి సైకియాట్రిస్టు ఎదుట కూర్చుని కూడా కడుపుమంట గురించే చెప్పి వచ్చాను.